ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ

వరదమ్మ లోపలికి రానన్నది. కుర్చీ వేయిస్తే కూర్చోనన్నది. మంచినీళ్ల చెంబు పక్కన పెడితే దానివైపు చూడనైనా లేదు. తిరుచానూరు రోడ్డు మీది ఆ రెండంతస్తుల ఇంటి మెట్లమీద, అమ్మవారి గుడికి పోయే ఆటోలకు వీపు పెట్టి, ఒళ్లో ఒక యూరియా సంచి పెట్టుకొని ఉదయం ఎనిమిది గంటల నుంచీ కూర్చునే ఉన్నది.

ఆ సంచిలో ఏమున్నదో ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగు రోజుల కిందట ఆమె భర్త గోవిందు బోరు మోటారు వేయడానికి మీట నొక్కిన స్టార్టర్ పెట్టె అది. నొక్కిన వేలు మొదలుకొని మోచేతి దాకా కాలిపోయి, అతడిప్పుడు తిరుపతిలోనే ఒక ఆసుపత్రిలో పడి ఉన్నాడు. పెట్టె తయారైనది ఈ ఇంట్లో, ఈ మెట్ల పక్కనే ఉన్న షెడ్డులో.

చిన్నకోడలు రేవతి మూడవసారి బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నది.

"నేను అరిసే దానికి రాలేదమ్మా," అన్నది వరదమ్మ. "చెయ్యి ఉంచేదీ తీసేదీ రేపు చెప్తామన్నాడు డాక్టరు. తీస్తే తీయనీ. దీన్ని ఎవురు చేసినారో ఆ మనిసి మొగం ఒకసారి సూసి పోదామని వచ్చినా. సూపిస్తే పోతా."

పెట్టె లోపలి సర్క్యూట్ బోర్డును గీసినది రేవతే. ఆరేళ్లుగా ఆ ఇంటి నుంచి పోయే ప్రతి బోర్డునూ గీస్తున్నది ఆమే. అయినా ‘నేనే’ అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ‘నేను కాదు’ అని చెప్పడానికీ రాలేదు. రెండింటిలో ఏది నిజమో ఆమెకే ఇంకా తెలియదు. పెట్టెను ఒకసారి లోపలికి తీసుకుపోయి విప్పి చూస్తాననీ, మళ్లీ మీ చేతికే తెచ్చి ఇస్తాననీ మాత్రం అడిగింది.

వరదమ్మ చాలాసేపు ఆలోచించి సంచి అందించింది.

"మార్చేయొద్దు," అన్నది అందిస్తూ.

* * *

లోపల భోజనాల బల్లమీద ఒక కాగితం సిద్ధంగా ఉన్నది. దాని పక్కన పెన్ను కూడా మూత తీసి పెట్టి ఉంచారు.

మామ కుప్పుస్వామి బల్లకు ఒక చివర కూర్చున్నాడు. బావ నరేంద్ర, అంటే ఆయన పెద్దకొడుకు, నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. రేవతి భర్త మునికుమార్ కిటికీ దగ్గర ఉన్నాడు. ఇంట్లో గొడవ జరిగినప్పుడల్లా అతడు కిటికీ దగ్గరే ఉంటాడు. అత్త జ్ఞానాంబ వంటింటి వాకిట చేట ముందు పెట్టుకొని చిక్కుడుకాయలు వలుస్తున్నది.

ఆ కాగితం చిత్తూరు డీలరు అడిగిన సంజాయిషీ. సాయంత్రం నాలుగు గంటలకు అది తన చేతికి అందకపోతే పోలీసు స్టేషనుకు పోక తప్పదని అతడు నిన్ననే తేల్చి చెప్పాడు. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. బోర్డు రూపకల్పన చేసిన ఇంజనీరు రేవతి అజాగ్రత్త వల్ల ఈ ప్రమాదం జరిగినదని మొదటిది. లోపం ఆ ఒక్క పెట్టెకే పరిమితమనీ, మిగిలిన వాటిని పరీక్షించి సురక్షితమని నిర్ధారించినామనీ రెండవది.

రేవతి రెండుసార్లు చదివింది. మొదటి వాక్యం ఆమెను గాయపరచింది. రెండవది భయపెట్టింది.

"పరీక్ష ఎప్పుడు చేసినారు బావా?"

"చేస్తాం లే," అన్నాడు నరేంద్ర తల ఎత్తకుండా. "ముందు సంతకం పెట్టు. మాటలు తర్వాత."

ఆమె సంతకం పెట్టలేదు. కాగితాన్ని పక్కకు జరిపి, ఆ చోట సంచి పరచి, పెట్టెకున్న నాలుగు మరలూ విప్పింది. కాలిన ప్లాస్టిక్ వాసన బల్లంతా కమ్ముకున్నది. కుప్పుస్వామి ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

బోర్డు నడుమ నల్లగా మాడిపోయి ఉన్నది. ఆ మాడిన చోట, మసి కింద, మూడు నిలువు రాగి గీతలు కనబడుతున్నాయి. అది నామం.

కుప్పుస్వామి ముప్పై ఏళ్ల కిందట మోటార్లు చుట్టే చిన్న కొట్టుతో బ్రతుకు మొదలుపెట్టిన నాటి నుంచీ, నామం లేకుండా ఆయన చేతి పని ఏదీ గడప దాటలేదు. రేకు పెట్టెల కాలంలో స్నానం చేసి వచ్చి రంగుతో తానే దిద్దేవాడు. బోర్డులు వచ్చిన తరువాత రేవతి దానిని తెల్లసిరాతో అక్షరాలు అచ్చువేసే పొరలో, ఒక మూల, చిటికెన వేలి గోరంత గీసేది. సూళ్లూరుపేట దగ్గరి ఫ్యాక్టరీలో బోర్డులు తయారై రాగానే, మొదటి దానిని తీసుకుపోయి అమ్మవారి సన్నిధిలో పెట్టించి తెచ్చేవారు.

ఏడాది కిందట పాత పెట్టె ఒకటి బాగుచేతకు వచ్చింది. తుడిచి తుడిచి దాని మీది తెల్ల నామం సగం చెరిగిపోయి ఉన్నది. ఆ పూట కుప్పుస్వామి అన్నం ముట్టలేదు. గుడ్డతో తుడిస్తే పోయే నామం పెట్టడం కంటే పెట్టకపోవడం నయమన్నాడు. ఇకమీదట నామం రాగిలో ఉండాలి, బోర్డు ఉన్నన్నాళ్లూ ఉండాలి అన్నాడు. చూద్దాం లెండి మామా అని రేవతి వాయిదా వేస్తూ వచ్చింది. మూడు నెలల కిందట ఆమె తల్లికి కంటి ఆపరేషన్ జరిగి, పది రోజులు చిత్తూరులో ఉండిపోవలసి వచ్చింది. ఆ పది రోజుల్లో కొత్త విడత బోర్డుల గీత ఫ్యాక్టరీకి పోయింది. ఆ తరువాత ఆమె వేరే పనిలో పడింది. బోర్డులు వచ్చాయి, పెట్టెల్లోకి ఎక్కాయి, చిత్తూరుకు పోయాయి.

ఆ విడత బోర్డును ఆమె చేతిలోకి తీసుకొని చూడడం ఇదే మొదటిసారి.

నామాన్ని పెట్టినవారు భక్తితోనే పెట్టారు. కిక్కిరిసిన గీతల మధ్య ఇరికించలేదు. బోర్డు నడుమ ఏమీ లేని పట్టీ ఒకటి ఉంటే, అందులో నిండుగా నిలబెట్టారు. అంత శుభ్రమైన చోటు బోర్డు మొత్తంలో మరొకటి లేదు. తెలియనివారు ఎవరైనా స్వామికి పీట వేయదలచుకుంటే అక్కడే వేస్తారు.

ఆ ఖాళీని ఖాళీగా ఉంచడానికి ఆమె రెండు రోజులు శ్రమపడింది. దానికి ఒక పక్క మోటారుకు పోయే మూడు ఫేజుల కరెంటు. మరొక పక్క మనిషి వేలు తాకే మీటలు. నడుమ ఎనిమిది మిల్లీమీటర్లు. అందులో లోహమన్నది ఉండకూడదు. ఇప్పుడు అక్కడ మూడు రాగి గీతలు, వాగు దాటడానికి పరచిన రాళ్ల మాదిరి నిలిచి ఉన్నాయి. చేనిగట్టున, తేమ పట్టిన దుమ్ము కొంచెం చేరితే చాలు. కరెంటు ఒక్కొక్క గీత మీద అడుగు వేసి ఇవతలికి వస్తుంది.

"నామాన్ని ఇక్కడ ఎవరు పెట్టినారు?" అని అడిగింది రేవతి.

వాకిట చిక్కుడుకాయ విరిగిన చప్పుడు వినబడింది.

"గీసేది నువ్వు," అన్నాడు నరేంద్ర చివరికి. "మమ్మల్ని అడిగితే ఎట్ల?"

* * *

ఆ ఇంట్లో బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్లు రెండున్నాయి. ఒకటి ఉచితమైనది, ఎవరైనా దింపుకొని వాడుకోగలిగినది. రేవతి దానితో నాలుగేళ్లు పనిచేసింది. రెండవది ఏడాదికొకసారి చందా కట్టి వాడుకునేది. రెండేళ్ల కిందట తెప్పించారు. ఆమె ల్యాప్‌టాప్‌ను, షెడ్డులోని పెద్ద తెరను తెచ్చి బల్లమీద పక్కపక్కన పెట్టి, మామను ఇటు వచ్చి కూర్చోమన్నది. ఒకే బోర్డును రెండింటిలోనూ తనిఖీ చేయిస్తాను, మీ కళ్లతో మీరే చూసి చెప్పండి అన్నది.

పాతదానిలో తనిఖీ మీట నొక్కగానే నామం చుట్టూ ఎర్రబాణాలు లేచాయి. ఒకటి, రెండు, మూడు. గీతకొక బాణం. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఏది నామమో ఏది కాదో తెలియదు. దానికి తెలిసినది రాగి ఒక్కటే.

తరువాత కొత్తదానిలో నొక్కింది. తెర పచ్చగా వెలిగింది. తప్పులు సున్నా అని రాసింది.

నరేంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సూస్తివా నాయనా. చందా కట్టిందేమో తప్పు లేదంటా ఉండాది. ఊరికే వచ్చేది ఉందంటాది. దేన్ని నమ్మేది?"

"తప్పు లేదని ఇది అనలేదు బావా," అన్నది రేవతి. "ఇది కూడా చెప్పింది. చెప్పినందుకు ఎవరో దీని నోరు మూసినారు."

ఆమె మరొక పట్టిక తెరిచింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎర్రగుర్తు వచ్చినప్పుడు, దానిని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పి పక్కకు తోసే వీలున్నది. తోసినవారి పేరు, తేదీ, గంట, కారణం అది రాసిపెట్టుకుంటుంది. పట్టికలో మూడు వరుసలున్నాయి. మూడింటికీ కారణం ఒక్కటే: ‘స్వామి’. మూడింటికీ పేరు ఒక్కటే: రేవతి.

పేరు చదివి ఎవరూ ఆశ్చర్యపోలేదని ఆమె గమనించింది.

చందా ఒక్క మనిషికే. ఇంజనీరు ఆమె కనుక ఆమె పేరున తీసుకున్నారు. కాని ఆ ఇంట్లో దువ్వెన నుంచి ఫోను ఛార్జరు దాకా అన్నీ అందరివీ. పాస్‌వర్డ్ రాసిన చీటీ షెడ్డు గోడమీద క్యాలెండరు పక్కన అతికించి ఉంటుంది. ఆమె లేనప్పుడు ఎక్కువగా కూర్చునేది నరేంద్ర. ఎవరు కూర్చున్నా ఆమె పేరుతోనే కూర్చుంటారు. అందులో తప్పున్నదని ఏనాడూ ఎవరికీ తోచలేదు. నిజానికి ఆమెకూ తోచలేదు.

"తేదీ చూడండి మామా. ఆ రోజు నేను చిత్తూరులో మా అమ్మ పక్కన ఉన్నాను."

నరేంద్ర లోపలికి పోయి బీరువా తెరిచి, అంచున స్పైరల్ తీగ కుట్టిన పుస్తకం ఒకటి తెచ్చాడు. ఆ పదకొండు పుటలనూ చూడగానే రేవతి గుర్తుపట్టింది. రెండేళ్ల కిందట, ఈ రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది మేలో పోల్చి రాసి ఇవ్వమని మామ అడిగితే, ఆమె వారం రోజులు కూర్చుని రాసిన నివేదిక అది.

నరేంద్ర నాలుగవ పుట తీసి బిగ్గరగా చదివాడు. "‘రెండవ దానిని ఏ ఊరి నుంచైనా, ఏ కంప్యూటరు నుంచైనా తెరవవచ్చు.’ నువ్వు రాసిందే గదా? చిత్తూరులో తెరిస్తే మాత్రం తెరుచుకోదా?"

ఆమె ఆ పుట వైపు చూసింది.

"దీని కింద ఇంకోటి ఉండాది, విను. ‘ఎవరు ఏ మార్పు చేసినా వారి పేరు చెరగకుండా నమోదవుతుంది. మొదటి దానిలో ఈ వసతి లేదు.’ పోలీసోల్లు అడిగినా మేము ఇదే సూపిస్తాము. నీ రాతే నీకు సాచ్చెం."

ఆ వరుస రాసిన మధ్యాహ్నం రేవతికి బాగా గుర్తున్నది. వేగాన్నీ, ధరనూ, నేర్చుకునే సులువునూ, విడిభాగాల జాబితాలనూ ఆమె ఏ పక్షమూ వహించకుండా తూచింది. నాలుగేళ్ల తన పనికి ప్రతిగా కంపెనీ పరిచయ పుస్తకంలో ‘రూపకల్పన: నరేంద్ర’ అని అచ్చయి వచ్చిన రోజులవి. ఒక్కచోటైనా, యంత్రం లోపలైనా సరే, తన పేరు ఎవరూ తుడవలేని విధంగా ఉండాలని కోరుకున్నది. ఆ ఒక్క వరుస దగ్గర ఆమె మనసు న్యాయం తప్పింది. చందా సాఫ్ట్‌వేరే మేలని ముగింపు రాసింది.

కోరుకున్నట్టే పేరు ఉన్నది. తుడవడం ఎవరి తరమూ కాదు.

ఆమె మళ్లీ తెరల వైపు తిరిగింది. ఏదో ఒక ఆధారం దొరకకపోతుందా అన్న ఆశతో, పాతదానిలో రెండేళ్లనాటి తన అసలు గీతను తెరిచింది. అప్పుడు కనబడింది ఆమెకు. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల పట్టీ చుట్టూ తానే గీసిన చారల కంచె. ‘ఇక్కడ రాగి పెట్టరాదు’ అన్న కట్టడి అది. కంచె ఉన్నంతవరకు అక్కడ నామం కాదు కదా, చుక్క పెట్టబోయినా సాఫ్ట్‌వేర్ చేయి పట్టుకొని ఆపుతుంది.

కొత్తదానిలో కంచె లేదు.

పాతదాని నుంచి కొత్తదానిలోకి బోర్డును మార్చినప్పుడు గీతలు వచ్చాయి, భాగాలు వచ్చాయి, అక్షరాలు వచ్చాయి. కంచె రాలేదు. మార్చినది ఆమే. అన్నీ సరిచూసి, అది ఒక్కటి చూడలేదు. అందుకే నరేంద్ర కంటికి అది ఉట్టి ఖాళీగా కనబడింది.

ఈ సంగతి ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎన్నటికీ తెలియదు.

"మామా, ఇంకొకటి ఉండాది," అని మొదలుపెట్టి ఆమె మొత్తం చెప్పింది. కంచె తన బాధ్యత అన్నది. అది ఉండి ఉంటే నామం అక్కడికి వచ్చేదే కాదన్నది.

నరేంద్ర నవ్వలేదు. బరువు దిగినవాడి మాదిరి కుర్చీ లాక్కొని మొదటిసారిగా కూర్చున్నాడు. "సరిపోయింది. తనే ఒప్పుకునింది. ఇంక సంతకానికి అడ్డమేముండాది?"

"నా వంతుకు పెడతాను బావా. కంచె వదిలింది నేనని రాయండి, నా పేరే ముందు రాయండి. నామం పెట్టింది మీరని కింద రాయండి. రెండో మాట మాత్రం తీసేయండి. ఒక్క పెట్టె కాదు. ఆ విడతలో రెండు వందల పన్నెండు పోయినాయి. అన్నిట్లోనూ నామం ఈడనే ఉండాది."

ఆ అంకె విన్నాక మునికుమార్ కిటికీ నుంచి ఒకసారి ఇటు తిరిగాడు. మళ్లీ అటు తిరిగాడు.

వాటిని వెనక్కి తెప్పించనక్కర లేదని రేవతి వివరించింది. కరెంటు తీసేసి, పెట్టె విప్పి, కత్తిమొనతో ఆ మూడు గీతలనూ గీకేస్తే చాలు. ఊరి మెకానిక్కులు ఎవరైనా పది నిమిషాల్లో చేస్తారు. ముందు రైతులకు ఫోన్లు చేయాలి. గీకేదాకా మీట ముట్టుకోవద్దని చెప్పాలి.

కుప్పుస్వామి బోర్డును తన ముందుకు లాక్కొని, మసి మీద ఉత్తరీయం కొస ఆడించాడు. గీతలు మూడూ తేటగా కనబడ్డాయి.

"గీకేసేదా," అన్నాడు మెల్లగా. "నామాన్ని కత్తి పెట్టి గీకేసేదా."

"మామా, అది ఆ చోట ఉంటే..."

"ముప్పై ఏండ్లమ్మాయ్. ముప్పై ఏండ్లు నా పెట్టెల్ని కాపాడింది ఆ నామమే. అది మనిసి చెయ్యి కాల్చిందని నా నోటితో నన్ను చెప్పమంటావా? ఇన్నూరు ఇండ్లకు ఫోను చేసి చెప్పమంటావా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రేవతికి కోపం రావలసిన సమయం అది; రాలేదు. ఆయన అబద్ధమాడడం లేదు. అబద్ధమాడేవారితో వాదించవచ్చు. ఈ మనిషికి ఆమె ఏ తెర చూపించి ఏమి రుజువు చేయగలదు?

ఆమె భర్త వైపు తిరిగింది. "మీరు చెప్పండి. నేను చిత్తూరులో ఉన్న పది రోజులూ ఈ కంప్యూటరు ఎక్కడ ఉన్నది? దాని ముందర ఎవరు కూర్చున్నారు?"

మునికుమార్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. రోడ్డుమీద ఆటోలు రెండు పోయాయి. పూలమ్మే మనిషి ఎవరినో పిలిచింది. అతడు ఊచ వదిలి, చేతికంటిన తుప్పు దులుపుకొని, మళ్లీ పట్టుకున్నాడు.

"జరిగిపోయింది గదా రేవతీ," అన్నాడు. "కంప్యూటరు యాడుంటే ఏముంది ఇప్పుడు."

రేవతి మళ్లీ బల్ల వైపు తిరిగింది.

కుప్పుస్వామి లేచి, ఈ ఇంటి నుంచి ఏ రైతుకూ ఫోను పోరాదని ఆజ్ఞాపించి, తన గదిలోకి పోయాడు. రెండున్నరకల్లా కాగితం తన చేతికి రాకపోతే, తెరమీది పట్టికను మాత్రమే అచ్చు తీసి పట్టుకొని చిత్తూరుకు పోతానని నరేంద్ర చెప్పాడు. రెండింటిలో ఏది కావాలో ఆమెనే ఎంచుకోమన్నాడు. ఆ వెనుకనే మునికుమార్ షెడ్డులోకి వెళ్లిపోయాడు.

* * *

జ్ఞానాంబ చేట పట్టుకొని వచ్చి కోడలి పక్కన కూర్చున్నది. వలిచిన గింజల కింద నుంచి రబ్బరు పట్టీ వేసిన కార్డుల కట్ట ఒకటి తీసి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ విడత పెట్టెలు కొన్న రైతుల గ్యారంటీ కార్డులవి. ఒక్కొక్క దానిమీద పేరు, ఊరు, ఫోను నంబరు ఉన్నాయి.

"బీరువా తాళం ఇంకొకటి నా నడుముకు ఉండాదని వాల్లు మరిచిపోయినారు," అన్నది.

రేవతి ఆమె ముఖం వైపు చూసింది.

"నేను సూసినా," అన్నది జ్ఞానాంబ, కోడలి వైపు చూడకుండా గింజలు ఏరుతూ. "పెద్దోడు పెడతా ఉంటే మీ మామ పక్కన నిలబడి ఇంకొంచెం పైకి, ఇంకొంచెం పైకి అని చెప్తా ఉన్నాడు. ఎర్రగా ఏందో వచ్చింది. ఇదేంది పోదే అని తిట్టుకుంటా నొక్కినాడు వాడు. పోయింది. ఇద్దరూ దండం పెట్టుకున్నారు."

"ఈ మాట బయట చెప్తారా అత్తా?"

జ్ఞానాంబ గింజలను చేటలో ఒక పక్కకు తోసింది.

"కడుపున పుట్టినోడు. నా వల్ల కాదు. నన్ను అడగొద్దు." ఆమె చేట ఎత్తుకొని లేచింది. "కార్డులు తీసుకో. రెండు గంటలకు చేండ్లకు కరెంటు ఇడుస్తారు."

గోడ గడియారం ఒంటిగంట ఇరవై చూపుతున్నది.

రెండు వందల పన్నెండు కార్డులు. నలభై నిమిషాలు. ఫోను ఒకటి. ఆ లెక్క ఎంత తిప్పి వేసినా సరిపోదని తెలిసే రేవతి మొదటి కార్డు తీసింది.

మొదటి నంబరు పనిచేయడం లేదు. రెండవది రైతుది కాదు, అతడికి పెట్టె అమ్మిపెట్టిన కొట్టులోని మనిషిది. రైతు ఊరు గుర్తులేదన్నాడు. మూడవ అతడు ఓపికగా అంతా విని, మీరు ఎవరు, ఏ ఊరు అని అడిగాడు. తరువాత, "నామం గీకేయమని చెప్పేదానికి నీకు నోరెట్ల వచ్చిందమ్మా? ఎవురు చెప్పించినారు నీతో?" అని పెట్టేశాడు. ఐదవ అతడు నమ్మాడు. నమ్మి, నా చెరుకు ఎండిపోతే ఎవరు నీళ్లు పెడతారని అడిగాడు. ఏడవ ఇంటిలో ఒకామె, ఇవాళ మోటారు వేయము లేమ్మా అన్నది. ఆ మాటకు రేవతి రెండు చేతులతో ఫోను పట్టుకొని కృతజ్ఞత చెప్పింది.

ఒకటీ నలభై అయ్యేసరికి పదిహేను కార్డులు తిరిగాయి. విన్నవారు నలుగురు.

గుమ్మంలో నీడ పడింది. ఉదయం నుంచీ గడప తొక్కనన్న వరదమ్మ లోపలికి వచ్చి నిలబడి ఉన్నది. ఆసుపత్రిలో చూడనిచ్చే వేళ అవుతున్నదనీ, తన పెట్టె తనకు ఇస్తే పోతాననీ అన్నది. అంటూ అంటూ బల్లమీది కార్డులను చూసింది.

"ఏందమ్మా ఇవి?"

రేవతి దాచలేదు. అదే బోర్డు ఉన్న పెట్టెలని చెప్పింది.

"ఇన్నా?" అన్నది వరదమ్మ. మెల్లగా వచ్చి కార్డుల మీద చేయి ఆనించి, ఎత్తు చూసుకున్నది. తరువాత అడిగింది. "నువ్వేనా చేసింది?"

"సగం నేను."

వరదమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తిట్టుకోసం రేవతి ఎదురుచూసింది. తిట్టు వస్తే కొంత తేలిక అయ్యేది. వరదమ్మ తిట్టలేదు. రవికలోంచి చిన్న మీటల ఫోను తీసి, నేలమీద కూర్చుని, కట్టలోంచి చేతికొచ్చినన్ని కార్డులు లాక్కున్నది. సదువు రాదు గానీ నంబర్లు తెలుస్తాయి అన్నది. చాలాసేపటికి ఒక నంబరు నొక్కి, అవతల ఎవరో పలికాక, "అన్నా, నేను గోవిందు పెండ్లాన్ని. మా ఆయన చెయ్యి కాలిపొయ్యింది. మీ స్టార్టర్ పెట్టె ముట్టుకోవద్దండి," అని, ఆ పైన ఏం చెప్పాలో తెలియక ఆగిపోయింది.

అవతలి మనిషి గోవిందు ఎవరు అని అడుగుతున్నాడు. ఆమె మళ్లీ మొదటి నుంచి చెబుతున్నది.

రెండు గంటలకు నాలుగు నిమిషాలున్నది. రేవతి మరొక కార్డు తీసింది. పాకాల పక్క ఊరు. చాలాసేపు మోగింది. పెట్టేయబోతుండగా ఒక ముసలమ్మ పలికింది.

కొడుకును పిలవమన్నది రేవతి.

"లేడమ్మా. మోటారు వేసేదానికి పోయినాడు, ఇప్పుడే."

"చేను ఎంత దూరం అవ్వా? ఎవరినైనా పంపించగలవా?"

"మిట్ట దాటి పోవాలమ్మా. నేను తప్ప ఇంట్లో ఎవురుండారు, నాకు మోకాళ్లు పట్టేసి ఉండాయి."

"అయితే ఆయన ఫోను నంబరు చెప్పు. నేను ఇప్పుడే మాట్లాడాల."

"ఇదే గదమ్మా వాడి ఫోను," అన్నది ముసలమ్మ. "ఛార్జింగు లేదని ఇంట్లోనే పెట్టిపోయినాడు. వచ్చినాక చెప్తాలే, ఏం చెప్పమంటావు?"